నీళ్ల కోసం కట్టాడు.. గాలికీ పనికొచ్చింది!

ఎడపల్లి నుంచి నిజామాబాద్‌లో కోచింగ్‌కి వెళ్తున్నారా? దారిలో కనిపించే పచ్చని పొలాలు, కాలువలు, ఠాణాకలాన్ దగ్గరి అలీసాగర్.. వీటన్నిటి వెనక ఒక ఇంజినీర్ ఉన్నాడు. నవాబ్ అలీ నవాజ్ జంగ్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ.

1877లో హైదరాబాద్‌లో పుట్టాడు. నిజాం కాలేజీలో చదివి, 1896లో సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లాడు. 1899లో తిరిగొచ్చి చేరింది అసిస్టెంట్ ఇంజినీర్‌గా. అంటే మీలో చాలామంది ఇప్పుడు ప్రిపేరవుతున్న ఏఈ పోస్టే! అక్కణ్నుంచి చీఫ్ ఇంజినీర్ అవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. వాటిలో 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ పనులు చూసింది అలీ నవాజ్ జంగే. అదే కాలంలో, 1923 నుంచి 1931 దాకా, మంజీరపై నిజాంసాగర్ కట్టించాడు. ఆ కాలువ నీళ్లతో మన దగ్గర చెరకు విస్తరించింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది.

మరి గాలి సంగతేంటి? నిజం చెప్పాలంటే ఆయన లెక్క నీళ్లదే, గాలిది కాదు. అయినా ఆ నేలను ఎలా వాడామన్నది ఇవాళ గాలిలో తెలుస్తోంది. చూడండి: చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి మూతలా నిలుస్తాయి. గాలి వీచదు. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ, దుమ్ము పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే ఉండిపోతాయి. వానాకాలంలో చినుకులు ఆ దుమ్మును కడిగేస్తాయి. వాతావరణం మన చేతిలో లేదు. నేల మాత్రం ఉంది. ఇళ్లు ఇరుగ్గా కడితే గాలి వేగం తగ్గుతుంది, కాంక్రీటు పగటి వేడిని రాత్రికి దాచుకుంటుంది. చెట్లు, తడినేల ఉన్నచోట దుమ్ము తక్కువ లేస్తుంది, వేడీ తగ్గుతుంది.

హైదరాబాద్‌కు పడమర, నైరుతి వైపు ఆ ఖాళీ నేల మిగలడానికి కారణం ఈ జలాశయాలే. వాటిని కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో నిర్మాణాలకు పరిమితులు పెట్టారు. నైరుతి రుతుపవనాలు నగరంలోకి వచ్చేదీ దాదాపు ఆ దిక్కు నుంచే! 2022లో జీవో 69తో ఆ పరిమితులు సడలించారు. అక్కడి రైతులకు భూమి ధర ముఖ్యం, నగరానికి ఊపిరి ముఖ్యం. ఎవరైనా అడిగితే రెండు వైపులా మాట్లాడగలిగేలా ఉండండి.

అలీ నవాజ్ జంగ్ 1949లో కన్నుమూశాడు. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుకొంటున్నాం.