అమృతాంజనం సీసా – ఆంధ్రపత్రిక కట్ట

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, ఈ ఏడు సావనీరుకి ఎవరైనా ఒక మహనీయుని జీవితం గూర్చి రాసి పంపమన్నారు. ఎవరైనా పర్వాలేదు గానీ మూడు పేజీలు దాటకూడదని కూడా అన్నారు. నేను ఈ కాలేజీ పాత విద్యార్థిని. మాది గజపతినగరం. మహనీయులంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మా ఇంటి అటక, దానిమీది పాత పత్రికల కట్టలు, వాటి విషయంలో నేను చేసిన ఒక వెధవపని. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మా చిన్నతనంలో, అంటే 1970 ప్రాంతాల్లో, మా ఊరికి పేపరు పొద్దున్నే వచ్చేది కాదు. ఎక్కడో విజయవాడలో అచ్చయి, రైలెక్కి, విజయనగరంలో దిగి, మళ్ళీ సాలూరు వైపు పోయే బస్సెక్కి మా ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలయ్యాకనే మాకు పేపరూ కాఫీ ఒకే వేళకి రావడం అలవాటయింది. అంతకుముందు పేపరంటే భోజనాల తరవాత సంగతి. మొదట తాత, తరవాత నాన్న, ఆ తరవాత వీధరుగు మీద కూర్చున్న ఇరుగుపొరుగు, అందరూ చదివి నలిపేశాక ఆఖరికి పిల్లలం. మాకు రాజకీయాలతో పనేముంది? గళ్ళు గీసి వేసిన బొమ్మలకథ కోసం, మూల నున్న కార్టూను కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం. వేళ్ళకి అంటిన సిరా చొక్కాకి తుడుచుకుని అమ్మచేత తిట్లు తినేవాళ్ళం.

అయితే అసలు నిధి అటక మీద ఉండేది. మా తాత 1956, 57 సంవత్సరాల ఆంధ్ర సచిత్ర వారపత్రికలు పురికొసతో కట్టలు కట్టి దాచాడు. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు, బాపుగారి బొమ్మలతో వారం వారం వచ్చింది అందులోనే. వేసవి సెలవుల్లో నిచ్చెనేసుకుని అటకెక్కి, దుమ్ములో బోర్లా పడుకుని చదివేవాళ్ళం. నాకు చదవడం వచ్చింది బళ్ళో కాదు, ఆ అటక మీదే అంటే అబద్ధం కాదు.

ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఓసారి స్నేహితులతో విజయనగరం వెళ్ళి సినిమా చూడ్డానికి డబ్బులు కావలసి వచ్చాయి. ఇంట్లో అడిగితే ఇవ్వరు. రెండు కట్టలు దింపి కిరాణా కొట్లో తూకానికి అమ్మేశాను. సినిమా చూశాను. అది ఏ సినిమాయో ఇప్పుడు గుర్తులేదు. వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చిన బెల్లం పొట్లం విప్పితే, జిడ్డు మరకల మధ్య బుడుగు బొమ్మ! తాత ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. మంచమ్మీద పడుకుని, తలపోటుగా ఉంది, అమృతాంజనం తెచ్చి రాయమన్నాడు. నేను రాస్తూండగా, కళ్ళు మూసుకునే చెప్పాడు – ఆ సీసా, నేనమ్మిన ఆ కాగితం రెండూ ఒక్క మనిషివేనని. ఆ మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ పూట తాత దగ్గర విన్నదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

పంతులుగారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో పట్టా ఉన్నవాడికి సర్కారు ఉద్యోగం కష్టం కాదు. కానీ ఆయన మనసు వ్యాపారం మీద పడింది. బొంబాయి చేరి, అక్కడ 1893లో అమృతాంజనం తయారుచేసి అమ్మకం మొదలుపెట్టారు. కొత్త మందుని నమ్మేవాళ్ళెవరు? అందుకని సంగీత సభలకు వచ్చినవాళ్ళకి ఊరికే పంచిపెట్టేవారట. పాట వింటూ నుదుటికి రాసుకున్నవాడు మర్నాడు కొట్టుకి రాక మానడు కదా! ఆ పచ్చని మందు దేశమంతా పాకింది. పంతులుగారు ధనవంతులయ్యారు.

చాలామంది జీవిత చరిత్రలు ఇక్కడితో అయిపోతాయి. ఈయన చరిత్ర ఇక్కడే మొదలవుతుంది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు వెళ్ళివచ్చాక, తెలుగువాళ్ళకి దేశం సంగతులు తెలుగులో చెప్పే పత్రిక కావాలన్న తపన ఆయనకి బలపడింది. మరుసటి ఏడు, 1908 సెప్టెంబరులో, బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగు దేశానికి అంత దూరాన, మరాఠీ గుజరాతీ మాటల మధ్య, తెలుగు అక్షరాలు పేర్పించి, అచ్చువేసి, టపాలో పంపడం ఎంత అవస్థో ఆలోచించండి. 1914లో పత్రికను మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. నాలుగు నెలలు తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధవార్తల కోసం జనం పత్రికకి ఎదురుచూడ్డం నేర్చుకున్నారు. చదువు వచ్చినవాడు చదవడం, రానివాళ్ళు చుట్టూ చేరి వినడం, మా వీధరుగు మీద నేను చూసిన ఆ ఆచారం అలాంటి రోజుల్లోదే.

1924లో సాహిత్యానికీ కళలకీ భారతి మాసపత్రిక పెట్టారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించి మంచి పుస్తకాలు చవగ్గా అందించారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు. ఎవరు చేయి చాచినా లేదనకపోవడం వల్ల విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. 1935లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిందీ, ఆ పేరుగల మద్రాసులోని ఆయన ఇంట్లోనే.

ఇన్నిటిలో నాకు బాగా నచ్చిన సంగతి మరొకటుంది. మా ఊరి మీదుగా పోయే రోడ్డు సాలూరు దాటి, ఘాటీ ఎక్కి జయపురం వెళుతుంది. ఆ జయపురంలో 1896 మే 20న పుట్టిన తలిశెట్టి రామారావుగారిని తొలి తెలుగు కార్టూనిస్టు అంటారు. ఆయన పుట్టినరోజే ఇవాళ తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం. 1930 ప్రాంతాల్లో ఆయన వ్యంగ్యచిత్రాలకు చోటిచ్చినవి పంతులుగారి పత్రికలే. స్వరాజ్యం, సంస్కరణ, శాస్త్రచర్చ అంటూ గంభీరంగా నడిచే పేజీల్లో నవ్వుకి కూడా ఒక పీట వేశారన్నమాట. తలపోటుకి మందు కనిపెట్టిన మనిషి పత్రికలో నవ్వుకి చోటుండడం నాకు వింతగా అనిపించదు.

పంతులుగారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికలను నడిపించారు. బాపు, రమణలు ఆంధ్రపత్రికలో చేరిందీ, మా అటక మీదికి బుడుగు వచ్చిందీ ఆయన హయాంలోనే. చివరికి 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. అప్పటికి మా తాత లేడు. ఆ వార్త వినకుండానే పోయాడు.

అమృతాంజనం మాత్రం ఇప్పటికీ దొరుకుతోంది. మందుల షాపులో ఆ సీసా చూసినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది. పంతులుగారు మందు అమ్మి గడించింది పత్రికల కోసం, పుస్తకాల కోసం, అడిగినవాళ్ళ కోసం ఖర్చుపెట్టారు. కాలం ఆ సీసాని ఉంచి, పత్రికని తీసుకుపోయింది. తీసుకుపోయింది కాలమొక్కటే అని కూడా అనలేను. నా వంతు రెండు కట్టలు నేనే తూకానికి వేశాను.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఆంధ్రపత్రిక పాత సంచికలు తీసి చూపించింది. ప్రెస్ అకాడమీవాళ్ళు పాత తెలుగు పత్రికలు స్కాన్ చేయించి పెట్టారట. మంచి పని, చేతులెత్తి దణ్ణం పెట్టాలి. వేలితో ఒక్కొక్క పేజీ జరుపుతూ చాలాసేపు చూశాను. వేలికి సిరా అంటలేదు గానీ కళ్ళు చెమ్మగిల్లాయి. తాత ఉంటే చూపించి ఉందును.

విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. మీ చేతిలో ఉన్న ఈ సావనీరు కూడా అచ్చు పత్రికే. దీని వెనక పేజీల్లో బట్టల కొట్టువాళ్ళు, మిఠాయి దుకాణంవాళ్ళు, మందుల షాపువాళ్ళు ఇచ్చిన ప్రకటనలుంటాయి. వాటిని తిప్పేయకుండా ఒకసారి చూడండి. ముందు పేజీల్లో మీ పద్యం, మీ స్నేహితుడి కార్టూను అచ్చయ్యాయంటే ఆ డబ్బుల వల్లనే. చదివాక ఈ ప్రతిని అటకమీద పెట్టుకోండి. అటకలు లేని ఇళ్ళయితే బీరువాలో అయినా సరే. తూకానికి మాత్రం వెయ్యకండి.