పన్నెండేళ్లు నిండని పెద్దమనిషి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేసేశారు. పదిహేనేళ్లకు ఆ కాపురం తనకొద్దని తేల్చి చెప్పేసింది. పుట్టింటివాళ్లు ఆమె పక్షానే నిలిచారు.

నాకు అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది 1921 నాటి సంగతి. గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టిందా పిల్ల. తమ ఆచారాలు మార్చుకోవాల్సింది వాళ్లే కదా! నిర్వాహకులు 5,000 రూపాయలు తెస్తేనే సరేనన్నారు. దేవదాసీల సాయంతో ఆ డబ్బు పోగుచేసి సభ జరిపించింది. అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు!

ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా ఖాదీ ప్రదర్శనలో వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1981లో కన్నుమూశారు.

బాల్యవివాహాలు వద్దని, పిల్లల్ని బడి మాన్పించవద్దని చెప్పడానికి ఇప్పుడూ కాలేజీ పిల్లలు మన గుమ్మాల్లోకి వస్తుంటారు. వేలెడంత లేరు, వీళ్లకేం తెలుసని తలుపు వేసేయకండి. లోపలికి పిలిచి, కాసిని మంచినీళ్లిచ్చి, వాళ్ల మాట వినండి.