దివాలాల నడుమ నిలిచిన స్వదేశీ బ్యాంకర్ సొరాబ్జీ పోచ్‌ఖానావాలా

1913 సెప్టెంబరులో లాహోర్‌లోని పీపుల్స్ బ్యాంక్ చెల్లింపులు నిలిపివేసింది. భయం బొంబాయికీ పాకింది. స్వదేశీ బ్యాంకుల ముందు డిపాజిటర్లు బారులు తీరారు. వెండి సట్టాలో కూరుకుపోయిన ఇండియన్ స్పీసీ బ్యాంక్ ఆ ఏడాది చివరికి కుప్పకూలింది. 1913-18 మధ్య దేశంలో 94 బ్యాంకులు మూతపడ్డాయి. రెండేళ్లయినా నిండని సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా మాత్రం ఆ తాకిడిని తట్టుకుంది. దానిని నడిపిస్తున్న సొరాబ్జీ పోచ్‌ఖానావాలాకు అప్పటికి 32 ఏళ్లు.

1881లో పార్సీ కుటుంబంలో జన్మించిన ఆయన బ్రిటిష్ వారి చార్టర్డ్ బ్యాంక్‌లో గుమాస్తాగా చేరారు. తర్వాత బ్యాంక్ ఆఫ్ ఇండియాకు మారారు. అక్కడ పెట్టుబడి భారతీయులదైనా పెత్తనం ఐరోపావారిదే. యాజమాన్యం, నిర్వహణ రెండూ భారతీయుల చేతిలోనే ఉండే బ్యాంకును 1911 డిసెంబరులో ఆయన స్థాపించారు. ఫిరోజ్‌షా మెహతా దానికి తొలి అధ్యక్షుడు. 1918 నాటికే హైదరాబాద్‌లోనూ దాని శాఖ వెలిసింది.

నాటి స్వదేశీ బ్యాంకుల పతనానికి చాలీచాలని మూలధనం, స్వల్పకాలిక డిపాజిట్లతో దీర్ఘకాలిక రుణాలివ్వడం వంటి స్వయంకృతాలే ప్రధాన కారణాలు. అయితే ఆపదలో ఆదుకోవడానికి అప్పటికి రిజర్వు బ్యాంకూ లేదు. 1923లో బ్రిటిష్ వారు నడిపిన అలయెన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా కూలినప్పుడు మాత్రం, ప్రభుత్వ ప్రోద్బలంతో ఇంపీరియల్ బ్యాంక్ డిపాజిటర్లకు సగం సొమ్ము చెల్లించేందుకు ముందుకు వచ్చింది. పదేళ్ల కిందట స్వదేశీ బ్యాంకుల ఖాతాదారులకు దక్కని ఆదరణ అది. అదే ఏడాది టాటా ఇండస్ట్రియల్ బ్యాంక్‌ను సెంట్రల్ బ్యాంక్ తనలో కలుపుకుంది.

ఆయన అనుభవం పొరుగు దేశానికీ అక్కరకు వచ్చింది. సింహళంలో విదేశీ బ్యాంకులు తేయాకు, రబ్బరు తోటల దొరలకు, ఎగుమతి దిగుమతి వ్యాపారానికి రుణాలిచ్చేవి. స్థానికులకు నేరుగా ఇచ్చేవి కావు. బ్యాంకుల నుంచి చెట్టియార్లు తెచ్చి అధిక వడ్డీకి ఇచ్చే అప్పే వారికి దిక్కు. ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు చేయి బిగించడంతో ఆ దారీ ఇరుకైంది. 1934లో నియమితమైన సింహళ బ్యాంకింగ్ కమిషన్‌కు పోచ్‌ఖానావాలా అధ్యక్షత వహించి, ప్రభుత్వ సహాయంతో దేశీయ బ్యాంకును నెలకొల్పాలని సిఫారసు చేశారు. ఆ ఏడాదే ఆయనకు సర్ బిరుదు లభించింది.

విదేశీ మారకపు వ్యాపారంలో మాత్రం విదేశీ బ్యాంకుల పట్టును ఆయన సడలించలేకపోయారు. అందుకోసం 1936లో లండన్‌లో ప్రారంభించిన సెంట్రల్ ఎక్స్ఛేంజ్ బ్యాంక్ రెండేళ్లకే బార్‌క్లేస్ పరమైంది. అప్పటికే, 1937లో, ఆయన కన్నుమూశారు. ఆయన సిఫారసు చేసిన బ్యాంక్ ఆఫ్ సిలోన్ 1939లో కొలంబోలో తలుపులు తెరిచింది.