కొండవీటి కవికి కౌలు బాకీ

శ్రీనాథుడు అనగానే మన బ్యాచ్‌లో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి 1993లో బాపు తీసిన సినిమా, ఎన్టీఆర్ వేషం. రెండోది కనకాభిషేకం, అంటే ఒంటి మీద బంగారు నాణేలు పోయించుకున్న కవి ఎవరు అనే ఒక మార్కు ప్రశ్న. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం బడిలో తెలుగు పాఠం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఆయన పొలం గుత్తకి తీసుకున్నాడనీ, పంట పోయి శిస్తు కట్టలేకపోయాడనీ, నడివీధిలో శిక్ష పడిందనీ ఏ గైడులోనూ లేదు. నాకైతే ఆయన జీవితంలో అసలు కథ అదే అనిపిస్తుంది.

పుట్టింది 14వ శతాబ్దం చివర్లో. తల్లి భీమాంబ, తండ్రి మారయ. వాళ్లది సముద్రం ఒడ్డున ఉన్న కాల్పట్టణం. తాత కమలనాభామాత్యుడు కూడా కవే. మనవడు బాల్యంలోనే మరుత్తరాట్చరిత్ర అనే కావ్యం రాశాడు, కాస్త మీసాలు వచ్చే వయసులో శాలివాహన సప్తశతిని తెలుగు చేశాడు. ఈ లెక్క ఆయనే చెప్పుకున్నాడు. ఆ రెండు పుస్తకాలూ ఇప్పుడు మనకి లేవు, అక్కడక్కడా కొన్ని పద్యాలు తప్ప. తాటాకుకి బ్యాకప్ అంటే ఇంకో తాటాకే కదా.

నిండు యవ్వనంలో రాసిన శృంగార నైషధం మాత్రం దక్కింది. సంస్కృతంలో శ్రీహర్షుడు రాసిన నైషధం పండితులకే కొరుకుడు పడనిది. ఒక లాంగ్వేజ్‌లో ఉన్న కోడ్‌ని ఇంకో లాంగ్వేజ్‌లోకి మార్చిన వాళ్లకి ఆ బాధ కొంచెం తెలుస్తుంది. లాజిక్ చెడకూడదు, కొత్త భాషకి పరాయిగానూ కనిపించకూడదు. సంస్కృత సమాసాలు అలాగే ఉంచేసి చివర్లో డు, ము, వు, లు తగిలించాడని ఆయన మీద ఒక జోకు ఉంది. కొన్ని పద్యాలకి ఆ జోకు న్యాయమే. కానీ అదే మనిషి అచ్చ తెలుగులో, తిట్టినా నవ్వొచ్చేటట్టు కూడా రాశాడు. దాని సంగతి తర్వాత.

ఆయన వైభవమంతా కొండవీడులో. అద్దంకి రాజధానిగా మొదలైన రెడ్డి రాజ్యం అనవోతారెడ్డి కాలంలో కొండవీటికి మారింది. 1402 నుంచి 1420 దాకా ఏలిన పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. పండితుల్ని పరీక్షించడం, రాజు ఇచ్చే దానాలకి శాసనాలు రాయడం ఆ ఉద్యోగం.

ఆ కొండవీడుకే జనవరి చివర్లో ఒక ఆదివారం మేం ఆరుగురం గేర్ల సైకిళ్ల మీద గుంటూరు నుంచి వెళ్లాం. పేరేచర్ల దాటాక రోడ్డుకి రెండు పక్కలా చేలు. పత్తి చివరి తీతలో ఉంది, ఎండిన కాయల్లో తెల్లగా అక్కడక్కడా మిగిలింది. మిరప చేలల్లో మొదటి కోతలు నడుస్తున్నాయి. కూలీలు వరసగా వంగి పండు కాయ కోస్తున్నారు, పక్కనే కళ్లంలో పరదాల మీద ఎర్రగా ఆరబోసి ఉంది. ఆ ఘాటుకి నేను తుమ్మిన తుమ్ములకి లెక్క లేదు. ఇక్కడ ఒక సంగతి. మన గుంటూరు కారం శ్రీనాథుడు రుచి కూడా చూడలేదు. మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చేసరికి ఆయన పోయి దశాబ్దాలు. ఆయనకి తెలిసిన కారం మిరియమే.

ఫిరంగిపురం దగ్గర టీకి ఆగాం. పెదకోమటి వేముడి భార్య సూరాంబ ఇక్కడే సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. ఆ శాసనం రాసింది మన విద్యాధికారే. ఘాట్ రోడ్డు మలుపుల్లో చిన్న గేరు వేసి, నిలబడి తొక్కుతూ, ఊపిరి అందక ఆగుతూ పైకెక్కాక కోటలో నిజంగా నన్ను ఆపేసింది గోడలు కాదు, చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. బండరాళ్ల మధ్య వాన నీటిని పట్టి ఒక రాజధానిని బతికించారు. పైనుంచి చూస్తే ఆ మైదానమంతా చదరపు ముక్కలు, ఎరుపూ తెలుపూ.

ఈ రాజ్యానికి డబ్బు తెచ్చింది మోటుపల్లి రేవు, ఇప్పటి చీరాల వైపు తీరం. అవచి తిప్పయశెట్టి అనే వర్తకుడికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టు తెప్పించినవాడు ఆ శెట్టి. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం, కస్తూరి ఇచ్చిన ఇల్లు అది.

పెదకోమటి వేముడు పోయాక రాచవేముడు వచ్చాడు. బిడ్డ పుడితే పురిటి సుంకం కట్టమన్నాడనీ, ఆ కోపంతోనే ఒకడు పొడిచి చంపాడనీ కథ. కొండవీటి రాజ్యం 1424 ప్రాంతంలో ముగిసింది. శ్రీనాథుడికి ఉద్యోగం పోయింది. మన భాషలో చెప్పాలంటే కంపెనీయే మూతపడింది.

ఇక తిరుగుడు మొదలు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల ఎదుట గౌడ డిండిమభట్టుని ఓడించి అతని కంచుఢక్క పగలగొట్టించాడు, బంగారు టంకాలతో స్నానమాడాడు. అది ఆయన జీవితంలో ఒక్క రోజు. మిగతా రోజుల్లో దొరికింది తిన్నాడు. పల్నాడు వచ్చి, సన్నబియ్యం లేదు, జొన్నకూడు తప్ప గతి లేదు, తాగడానికి మంచి నీళ్లు లేవని చాటుపద్యాల్లో దెప్పిపొడిచాడు. పల్నాటి వాళ్లు వాటిని ఇప్పటికీ నవ్వుతూనే గుర్తుచేసుకుంటారు. నాగార్జునసాగర్ కుడి కాలువ రావడానికి ఇంకో 500 ఏళ్లు పట్టింది మరి. ఆ తిట్టిన సీమ కథనే ద్విపదలో పల్నాటి వీరచరిత్రగా పాడాడు. రాజుల కవి, బ్రహ్మనాయుడినీ బాలచంద్రుడినీ జనం పాడుకునే ఛందంలోకి దించాడు. నాకు నైషధం కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

తర్వాత రాజమహేంద్రవరం. బెండపూడి అన్నయమంత్రికి భీమఖండం, వీరభద్రారెడ్డికి కాశీఖండం. ఆ రాజ్యమూ గజపతుల చేతిలోకి పోయింది. ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకి తీసుకున్నాడు. ఏటా 700 టంకాలు కట్టాలి. పంటని కృష్ణ వరద తీసుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తిన్నాయి. బాకీ మాత్రం అలాగే ఉంది. కవిసార్వభౌముడిని ఎర్రటి ఎండలో వీధిలో నిలబెట్టి, భుజాన నల్లగుండు ఎత్తి, కాళ్లకి సంకెళ్లు వేశారని ఆయన పేరు మీద చెప్పుకునే పద్యం చెబుతుంది.

కోటలో చెరువు గట్టున కూర్చుని నేను ఈ కథ చెబుతుంటే అందరూ విన్నారు గానీ, ఒకడు మాత్రం వేరుగా విన్నాడు. వాళ్ల నాన్న మిర్చి కౌలు రైతు. 2021లో నల్ల తామరపురుగు పూత మీద పడి పైరు మాడిపోయిన ఏడాది, కౌలు డబ్బు ముందే కట్టేసి ఉన్నారు. మందులు కొట్టీ కొట్టీ అప్పు పెరిగింది. అందులో కొంత ఇంకా తీరలేదు. వాడి రెండో ఏడు ఫీజు ఆ లెక్కలోనే ఇరుక్కుంది. వాడు నన్ను ఒక్కటే అడిగాడు, వరదొచ్చిన ఏడు శిస్తులో ఏమన్నా తగ్గించారా అని. పద్యంలో మాఫీ మాట లేదని చెప్పాను. వాడు తలూపి సైకిల్ చైన్ సర్దుకున్నాడు.

శ్రీనాథుడిది అని చెప్పే చివరి పద్యం ఒకటుంది. ఆదుకోవాల్సిన వీరారెడ్డి లేడు, విస్సనమంత్రి లేడు, అందరూ ముందే వెళ్లిపోయారని లెక్కపెడతాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా తాను స్వర్గానికి వస్తున్నాననీ, అక్కడి కవులు గుండెలు చేత్తో పట్టుకోవాల్సిందేననీ కబురు పంపి మరీ వెళ్లాడు.