విలియం జేమ్స్: ముప్పై ఒక్క ఏళ్లకు తొలి జీతం

ప్లస్ టూ అయ్యాక సైకాలజీలో డిగ్రీ చేస్తామని ఈమధ్య కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అడుగుతున్నారు. ఆ చదువు చదివితే రేపు ఏం పని దొరుకుతుందని తల్లిదండ్రుల బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. అందుకే ఈసారి జీవిత పరిచయానికి విలియం జేమ్స్‌ను ఎంచుకున్నాను. బి.ఎడ్. చదివిన ఏ టీచరును అడిగినా ఈ పేరు చెబుతారు. అలవాట్ల పాఠంలో ఆయనే, ఉద్వేగాల పాఠంలో జేమ్స్-లాంగే సిద్ధాంతంలోనూ ఆయనే. అమెరికాలో మనస్తత్వ శాస్త్రాన్ని కాలేజీ చదువుగా నిలబెట్టిన ఈ మనిషి తాను మాత్రం ఏ కాలేజీలోనూ సైకాలజీ పాఠం వినలేదు. అప్పటికి అక్కడ ఆ పాఠం చెప్పేవాళ్లే లేరు. తాను విన్న మొదటి సైకాలజీ పాఠం తాను చెప్పిందేనని ఆయనే సరదాగా అనేవారట.

1842 జనవరి 11న న్యూయార్క్‌లో పుట్టారు. తాత ఐర్లాండ్ నుంచి వలస వచ్చి వ్యాపారంలో బాగా గడించినవాడు. తండ్రికి సంపాదించవలసిన అవసరం లేకపోయింది. మతం, తత్వం గురించి పుస్తకాలు రాసుకుంటూ, పిల్లల్ని వెంటబెట్టుకొని దేశాలు తిరిగారు. లండన్, పారిస్, జెనీవా, బాన్... ఒక బడిలో కుదురుకునేలోపే ఇంకో ఊరు. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు విలియం. రెండోవాడు హెన్రీ తర్వాత పెద్ద నవలాకారుడయ్యాడు.

పద్దెనిమిదేళ్ల వయసులో విలియం చిత్రకారుడవుతానన్నాడు. తండ్రికి అది నచ్చలేదు, కానీ చివరికి ఒప్పుకున్నారు. న్యూపోర్ట్‌లో విలియం మోరిస్ హంట్ అనే చిత్రకారుడి దగ్గర చేరాడు. చెయ్యి మంచిదే. అయితే ఏడాది తిరగకముందే, తాను మధ్యరకం చిత్రకారుడిగా మిగిలిపోతానని తానే తేల్చుకొని మానేశాడు. 1861లో హార్వర్డ్‌లో కెమిస్ట్రీలో చేరాడు. లేబరేటరీ పని ఒంటికి పడలేదు. అక్కడి నుంచి శరీర నిర్మాణ శాస్త్రానికి, 1864లో వైద్యానికి మారాడు. మన ఇళ్లలో అయితే ఈపాటికి చుట్టాలందరూ కూర్చొని పంచాయితీ పెట్టేవారు!

వైద్యం మధ్యలో ఆపి 1865లో లూయీ అగాసీ అనే ప్రొఫెసర్ బృందంతో బ్రెజిల్ వెళ్లాడు. అమెజాన్ నదిలో చేపల్ని సేకరించడం వాళ్ల పని. మొదట్లోనే మశూచి తరహా జ్వరం వచ్చి పడుకోవలసి వచ్చింది. కోలుకున్నాక నెలల తరబడి చేపల్ని పట్టడం, పెట్టెల్లో సర్దడం. సేకరించే పని తనకు తగింది కాదనీ, ఆలోచించే పనే తగిందనీ అక్కడే తెలిసింది. ఈ ప్రయాణం దండగ అని నేను అనను. ఉన్న వస్తువును ఉన్నట్టు, వివరంగా చూడటం అగాసీ దగ్గర నేర్చుకున్నానని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. ఇంట్లో కూర్చొని ఊహించుకుంటే ఏ పని ఎలా ఉంటుందో తెలియదు. సైకాలజీ అనగానే ఎదుటివాళ్ల మనసు చదివేయడం అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. తీరా చేరాక స్టాటిస్టిక్స్, ప్రయోగాల రికార్డులు చూసి కంగారుపడతారు. చేరకముందే ఆ చదువు చదువుతున్న అక్కనో అన్ననో అడిగి, పుస్తకాలు ఒకసారి తిరగేసి చూడండి.

1869లో జేమ్స్‌కు వైద్య పట్టా వచ్చింది. ఒక్క రోజు కూడా ప్రాక్టీసు పెట్టలేదు. నడుము నొప్పి, కళ్ల జబ్బు, వాటికి మించి మనసు కుంగిపోవడం. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో పట్టా చేతిలో పెట్టుకొని, ఏం చేయాలో తోచక తండ్రి ఇంట్లో గడిపాడు. బతుకు మీదే ఆశ సన్నగిల్లిన రోజులవి. 1870 ఏప్రిల్ చివర్లో రెనూవియే అనే ఫ్రెంచి తత్వవేత్త రచన చదివి, మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని నమ్మడమే తన మొదటి స్వేచ్ఛా కార్యంగా పెట్టుకుంటున్నానని డైరీలో రాసుకున్నారు. పుస్తకం చదివితే జబ్బు పోయిందని మాత్రం అనుకోకండి. మెల్లగా, ఏళ్లు పట్టింది. ఇప్పుడైతే దీన్ని డిప్రెషన్ అంటాం, డాక్టరుకు చూపిస్తాం. చూపించాలి కూడా. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లవాణ్ణి సోమరి అని తిట్టే ముందు ఒకసారి పక్కన కూర్చొని మాట్లాడి చూడండి.

ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు ఎలియట్ అప్పటికి హార్వర్డ్ అధ్యక్షుడయ్యారు. ఆయన పిలిచి శరీర ధర్మ శాస్త్రం చెప్పమన్నారు. 1873 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. జేమ్స్‌కు అప్పుడు ముప్పై ఒక్క ఏళ్లు. జీతం 600 డాలర్లు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పన్నెండేళ్లు ఆయన అలా తిరగగలిగింది తండ్రి డబ్బుతో. మన పిల్లలకు ఆ సదుపాయం లేదు. నెల జీతాల మీద, పంట మీద బతికే ఇళ్లు మనవి. కాబట్టి మనవాళ్లు కొంచెం ముందే లెక్క వేసుకోవాలి. మూడేళ్ల బి.ఎ.తోనో బి.ఎస్సీ.తోనో ఎవరూ సైకాలజిస్టు అయిపోరు, పైన ఎం.ఎ.నో ఎం.ఎస్సీ.నో చేయాలి. ఆసుపత్రిలో రోగుల్ని చూసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., గుర్తించిన కోర్సు చేసి అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. మందులు రాసే సైకియాట్రిస్టు దారి వేరు. అది ఎం.బి.బి.ఎస్. మీదుగా పోతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ రెండు రకాలవాళ్లూ పక్కపక్కనే పనిచేస్తారు. డిగ్రీతోనే ఆగవలసి వస్తే బి.ఎడ్. ఉంది, కంపెనీల్లో ఉద్యోగుల నియామక విభాగాలు ఉన్నాయి, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. మొదటి ఏడాదిలోనే ఇది తెలిసి ఉంటే మూడో ఏడాదిలో ఏడవక్కర్లేదు.

మళ్లీ జేమ్స్ దగ్గరికి వద్దాం. 1875లో శరీరానికీ మనసుకూ ఉన్న సంబంధం మీద ఒక కోర్సు మొదలుపెట్టారు. వైద్యం, అనాటమీ, జర్మనీలో ఉండగా చదివిన కొత్త పరిశోధనలు, చివరికి బొమ్మలు వేసిన చెయ్యి కూడా (నల్లబల్ల మీద మెదడు బొమ్మ గీయాలి కదా) అక్కడ పనికొచ్చాయి. 1878లో బోస్టన్‌లో పంతులమ్మగా ఉన్న ఆలిస్ గిబెన్స్‌ను పెళ్లాడారు. ఆ ఏడాదే ఒక పాఠ్యపుస్తకం రెండేళ్లలో రాసిస్తానని ప్రచురణకర్తకు మాట ఇచ్చారు. పన్నెండేళ్లు పట్టింది! 1890లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆ సైకాలజీ పుస్తకం దాదాపు 1400 పేజీలు. 1892లో దాన్ని కుదించి ఇంకొకటి వేశారు. విద్యార్థులు పెద్దదాన్ని జేమ్స్ అనీ, చిన్నదాన్ని జిమ్మీ అనీ పిలుచుకునేవారు. ఆలోచన ముక్కలు ముక్కలుగా ఉండదు, ఏరులా పారుతుంది అన్న భావాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఈ పుస్తకమే. నవీన్ గారి అంపశయ్య నవల గురించి చెప్పేటప్పుడు మన తెలుగు మాస్టార్లు వాడే చైతన్య స్రవంతి అనే మాటకు మూలం అక్కడుంది.

ఆయన శిష్యుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మేరీ కాల్కిన్స్ వెల్స్‌లీ కాలేజీలో గ్రీకు భాష టీచరు. సైకాలజీ చెప్పేందుకు మనిషి కావాలి, ఒక ఏడాది చదివి వస్తే ఆ పని నీదే అన్నారు కాలేజీవారు. హార్వర్డ్ ఆడవాళ్లను చేర్చుకోదు. చివరికి పాఠాలు వినడానికి మాత్రం ఒప్పుకున్నారు. 1890లో జేమ్స్ తరగతిలో మిగతా విద్యార్థులు మానుకోగా ఈమె ఒక్కతే మిగిలింది. ఒక్క విద్యార్థినికే ఆయన పాఠం చెప్పారు. 1895లో పరీక్షకులు ఆమెను డాక్టరేట్‌కు అర్హురాలని తేల్చినా, హార్వర్డ్ ఆ పట్టా ఇవ్వలేదు. అయినా 1905లో అమెరికన్ సైకాలజీ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది ఆమే.

మాకు బి.ఎడ్.లో యత్నదోష పద్ధతి నేర్పిన థార్న్‌డైక్ కూడా ఈయన శిష్యుడే. కోడిపిల్లల మీద ప్రయోగాలు చేస్తుంటే అద్దె ఇంటావిడ ఒప్పుకోలేదు. యూనివర్సిటీలో చోటు దొరకలేదు. జేమ్స్ ఆ కోడిపిల్లల్ని తన ఇంటి నేలమాళిగలో పెట్టించారు. ఆయన పిల్లలకు అది పండగ. ఇంకో శిష్యుడు డ్యుబోయిస్, నల్లజాతి కుర్రవాడు, తత్వశాస్త్రం చదువుతానన్నాడు. జేమ్స్ కూడా తత్వవేత్తే. అయినా దానితో పొట్ట గడవడం కష్టం నాయనా అన్నట్టు నచ్చజెప్పారు. డ్యుబోయిస్ చరిత్ర వైపు మళ్లి హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు. పన్నెండేళ్లు తిరిగిన మనిషి శిష్యుడికి ఇచ్చిన సలహా ఇది! నాకైతే ఇది ద్వంద్వ నీతిలా కనిపించదు. ఎవరి ఇంటి వెనుక ఎంత దన్ను ఉందో చూసి మాట్లాడారు.

డిగ్రీల పిచ్చి మీద ఆయనకు కోపం ఉండేది. పిహెచ్.డి. లేకపోతే మంచి టీచర్నైనా కాదనడం ఏమిటని 1903లో ఒక ఘాటైన వ్యాసమే రాశారు. టీచర్ల కోసం చెప్పిన ఉపన్యాసాలను 1899లో పుస్తకంగా వేశారు. తర్వాత తత్వం వైపే ఎక్కువ మొగ్గారు. హార్వర్డ్ వచ్చిన వివేకానందుని పరిచయమూ ఆ రోజుల్లోదే. 1907లో ఉద్యోగం వదిలారు. మరుసటి ఏడాది క్లిఫర్డ్ బియర్స్ అనే యువకుడు మానసిక ఆసుపత్రుల్లో తాను పడ్డ బాధలను పుస్తకంగా తెచ్చినప్పుడు, దానికి మద్దతుగా రాసినవారిలో జేమ్స్ ఒకరు. రోగుల్ని మనుషుల్లా చూడాలనే ఉద్యమానికి ఆ పుస్తకం నాంది అయింది.

గుండె జబ్బు ముదిరి 1910 ఆగస్టు 26న, న్యూ హాంప్‌షైర్‌లోని చొకోరువా పల్లెలో, తన వేసవి ఇంట్లో కన్నుమూశారు. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. భార్య ఆలిస్, తమ్ముడు హెన్రీ ఆ ఇంట్లోనే ఉన్నారు.