ఫోలిక్ ఆమ్ల ప్రదాత డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తల్లి భుజించే తోటకూరకు, ఆమె గర్భములో రూపు దిద్దుకొనే శిశువు మెదడుకు గల సంబంధము శాస్త్రజ్ఞులకు సైతము చాలాకాలము తెలియలేదు. ఆ సంబంధమునకు మూలమైన ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసి లోకమునకు అందించిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడు కావడము మనకెల్లరకు గర్వకారణము. ఆ మహనీయుని జీవితము మన విద్యార్థినీ విద్యార్థులకు మార్గదర్శకము కాగలదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించారు. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యములో ఆయన చదువులో మేటి అని ఎవరూ అనలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి గట్టెక్కారు. ఒకసారి పరీక్ష తప్పినంతనే జీవితమే ముగిసినదని క్రుంగిపోయే విద్యార్థులు ఈ సంగతిని మనసున ఉంచుకొనవలెను.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు నందుకొని ఆయన ఖద్దరు ధరించారు. అది ఒక ఆచార్యునికి నచ్చలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రముతో తృప్తిపడవలసి వచ్చినది. ఇంతలో ఇంట పిడుగు పడినది. ఇద్దరు సోదరులు కొద్దికాలపు తేడాతో స్ప్రూ అనే గ్రహణీ వ్యాధికి బలియైనారు. ఆ వ్యాధి ఆయనను సైతము పట్టినది. ఆయుర్వేద కోవిదులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. తిన్న ఆహారములోని సారము ఒంటికి పట్టకుండా చేసి మనిషిని శుష్కింపజేసే ఆ రోగమునకు మందు కనుగొనవలెనన్న పట్టుదల నాడే ఆయనలో నాటుకొన్నది.

1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము అభ్యసించారు. జీవిక కొరకు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేశారు. స్వదేశములో భార్యకు కలిగిన కుమారుడు పసితనముననే మరణించాడు. ఆ బిడ్డ ముఖము తండ్రి చూడనేలేదు. ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తములోని భాస్వరమును కొలిచే పద్ధతిని, 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఆయన వెల్లడించారు. జీవకణములకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో, జర్మనీకి చెందిన లోమన్‌కు సమకాలములోనే, స్వతంత్రముగా గుర్తించారు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ సంస్థలో చేరారు. అంతకు పూర్వమే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. పేద ముస్లిం స్త్రీల ఆహారమే అన్నిటికంటె కొరతగా ఉన్నదని, రోగము సైతము వారికే అధికముగా సోకుచున్నదని ఆమె గమనించారు. ఈస్టు సారముతో ఆ రోగము నయమగునని 1931లో ప్రకటించారు. కాని అందులోని గుణకారి ఏదో తేలలేదు. పాలకూర నుండి వేరుచేసిన ఒక పదార్థమునకు 1941లో, ఆకు అనే అర్థముగల లాటిన్ మాటను బట్టి, ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. సుబ్బారావుగారి బృందము దానిని కాలేయము నుండి శుద్ధిచేసి, నిర్మాణమును ఛేదించి, 1945లో కృత్రిమముగా తయారుచేసినది. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైనది.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పసివారి రక్తకాన్సరుపై తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకము, ఇవన్నియు ఆయన నాయకత్వములో వెలువడినవే. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, స్వదేశమునకు తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు.

ఫోలిక్ ఆమ్లపు అసలు మహిమ ఆయన తదనంతరము వెల్లడియైనది. కణములు విభజన చెందుటకు ఈ విటమిను అత్యవసరము. శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాడీనాళము గర్భము నిలిచిన సుమారు 28 దినములలో మూసుకొనును. ఆనాటికి తాను గర్భవతినని చాలామంది తల్లులకే తెలియదు. అప్పుడు ఈ విటమిను కొరవడినచో మెదడు లేకయో, వెన్ను చీలియో బిడ్డ పుట్టే ప్రమాదము పెరుగును. అంతకుముందు అట్టి బిడ్డను కన్న తల్లులపై ఏడు దేశములలో జరిగిన పరిశోధన, గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లము ఇచ్చినచో ఈ లోపములలో నూటికి 72 నివారింపవచ్చునని 1991లో నిరూపించినది. 1998 నుండి అమెరికాలో ధాన్యపు పిండిలో దీనిని కలుపుట తప్పనిసరి చేశారు.

అయితే మాత్రలు మితిమీరి మింగించినచో బిడ్డ మేధావి యగునని భ్రమపడరాదు. కొరత లేకుండా చూచుటయే ముఖ్యము. పునాది వేసే వేళ ఇటుక లేకపోయినచో, గోడ లేచిన పిదప తెచ్చి లాభము లేదు. కనుక ఈ విషయము తెలియవలసినది గర్భిణులకు మాత్రమే కాదు, రేపటి తల్లులైన మన విద్యార్థినులకు. గర్భధారణకు కనీసము నెల ముందునుండి దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెనని వైద్యుల సలహా. ఆకుకూరలు, శనగలు, పెసలు మన వంటిండ్లలోనే కలవు. వాటిని అతిగా ఉడికించి, నీటిని పారబోసినచో విటమిను నష్టమగును. పాఠశాలలలో వారమునకొకటిగా ఇచ్చే నీలిరంగు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రను కొందరు పారవేయుట మనమెరుగుదుము. ఆ చిన్న మాత్ర వెనుక ఇద్దరు సోదరుల మరణము, ఒక మనిషి జీవితకాలపు శ్రమ కలవని మన చెల్లెండ్రకు చెప్పుదము. కన్నబిడ్డ మొగము చూడ నోచుకోని ఆ తండ్రికి మనము చెల్లింపగల ఋణము ఇదియే.