గౌతమీతీర చిత్రకారుడు: దామెర్ల రామారావు

పారిస్ నగరమున మోమార్త్ర్ అను గుట్టయు, మోపార్నాస్ అను పేటయు గలవు. 1900 సంవత్సరమునకు ఇటునటుగా చేతిలో కాసులేని చిత్రకారులు, కవులు అద్దెలు చౌకయని అచ్చట చేరిరి. అట్టివారిని ఫ్రెంచివారు బొహీమియనులనిరి. ఊరూర తిరుగు సంచారజాతులు బొహీమియా దేశమునుండి వచ్చిరని భ్రమపడి వారికి పెట్టిన పేరు పిదప కళాకారులకు అంటుకొనెను. పికాసో అంతటివాడు 1904 మొదలు 1909 వరకు ఆ గుట్టమీది ఒక శిథిలమైన కొయ్యకట్టడమున కాలము గడపెను. నేడు యాత్రికులు ఆ సందుగొందులను కాలినడకన తిరిగి చూచి వచ్చుచున్నారు.

మన తెలుగునాట అట్టి తావు ఏదియని అడిగినచో రాజమహేంద్రవరపు గోదావరిగట్టును చూపవలెను. అది పానశాలలకు గాని, విశృంఖల వర్తనమునకు గాని పేరుపడినది కాదు. అచ్చట ఒక యువకుడు మిత్రులను, భార్యను, సోదరిని చేర్చుకొని చిత్రలేఖనమే ఊపిరిగా ఒక చిన్నలోకమును కట్టుకొనెను. ఆతడే దామెర్ల రామారావు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బడిచదువుకంటె బొమ్మలయందే ఆతనికి మక్కువ మెండు. ఆ కాలమున అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. తెలుగుబిడ్డలను దగ్గరకు తీసి, వారిలోని వెలుగును కనిపెట్టి పోషించిన సహృదయుడు. రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము, కవికొండల వెంకటరావు ఆయన నీడన పెరిగినవారే. ఏలుచున్న జాతివాడైనను ఏలబడు జాతి కళను గౌరవించుట ఆ దినములలో సామాన్యమైన మాట కాదు.

కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి చేరి జె.జె. కళాశాలలో ప్రవేశించెను. అచ్చటి ప్రధానాచార్యుడు సెసిల్ బర్న్స్ ఆతని బొమ్మలను చూచి మెచ్చెను. 1920లో చదువు ముగించునాటికి ఆతడు మేటి విద్యార్థియని పేరొందెను. బొంబాయి విద్య పాశ్చాత్య పద్ధతిది. సజీవరూపమును ఎదుట నిలుపుకొని దేహనిర్మాణమును, వెలుగునీడలను నేర్చుట దానికి ప్రాణము. రామారావు దానిని తప్పించుకొనలేదు, దానికి దాసుడును కాలేదు. మానవదేహమును ఉన్నదున్నట్లు గీయుట తప్పను సంకోచము ఆతనికి లేకుండెను. మన శిల్పులు దేవాలయముల గోడలపై చేసిన పని కాగితముపై చేసినంతమాత్రమున దోషమెట్లగును?

ఆతనికి రెండవ గురువు సంచారము. వెళ్లినచోటనెల్ల చిత్రించు పుస్తకము వెంట నుండవలసినదే. అజంతా, ఎల్లోరాలు చూచెను. గుజరాతు సీమలో తిరిగి అచ్చటి జనుల వేషభాషలను, నడకతీరులను పరికించెను. కథియవాడు స్త్రీలు ఆతని చిత్రములలోనికి వచ్చినది ఆ తిరుగుటవలననే. అజంతా ఆనాడు మన నైజాము రాజ్యములోనిది. 1914లో ఏర్పడిన నైజాము పురావస్తుశాఖ గులాం యాజ్దానీ నేతృత్వమున ఆ గుహలను కాపాడ పూనుకొని, 1920 ప్రాంతమున ఇటలీదేశపు నిపుణులను రప్పించి, రాలిపోవుచున్న చిత్రముల పొరలను నిలబెట్టించెను. హైదరాబాదు ఖజానా సొమ్ము అట్టి పనికి వెచ్చింపబడెనని మూసాపేట చదువరులు తెలిసికొనుట మంచిది.

ఆ దినములలో భారతీయ చిత్రకళకు కలకత్తాయే రాజధాని. అవనీంద్రనాథుని శిష్యులు రంగులను నీటిలో కడిగి, మంచుతెర కప్పినట్లు చిత్రించుచుండిరి. బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు ఆ పద్ధతినే బోధించెను. బాపిరాజు ఆయన శిష్యుడయ్యెను. రామారావు మాత్రము వంగపద్ధతిని గౌరవించుచునే దాని ననుకరింపలేదు. ఆతని రేఖ స్పష్టము, రంగు స్వచ్ఛము. రూపములు అజంతా స్త్రీలకు చుట్టములైనను కట్టుబొట్టు తెలుగువి. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, కార్తిక పౌర్ణమి మొదలగు చిత్రములు చూచినవారికి ఇది విదితమగును. తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించినప్పుడు ఆతని చేయి మరింత స్వేచ్ఛగా ఆడెను. ఋష్యశృంగ బంధనమను చిత్రము కలకత్తా ప్రదర్శనమున బహుమానమందెను. 1924లో లండను నగరపు వెంబ్లీ ప్రదర్శనమునకు ఆతని చిత్రములు వెళ్లెను.

ఇంత కీర్తి వచ్చినవాడు బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడి ధనమార్జించి యుండవచ్చును. ఆతడు రాజమహేంద్రవరమునకే తిరిగి వచ్చెను. 1922, 23 సంవత్సరముల ప్రాంతమున అచ్చట చిత్రకళాశాలను, ఆంధ్ర చిత్రకళా సమాజమును నెలకొల్పెను. వరదా వెంకటరత్నము కుడిభుజమయ్యెను. చామకూర భాష్యకార్లు మొదలగు యువకులు చేరిరి. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టిరి. గృహిణులు ముగ్గులు తప్ప మరియొక బొమ్మ వేయుట అరుదైన కాలమున ఒకే ఇంట ఇద్దరు స్త్రీలు చిత్రకారిణులగుట చిన్న విషయము కాదు. పారిస్ పేటలలో స్త్రీలు ఎక్కువగా చిత్రములకు నమూనాలుగా మిగిలిరి. రాజమహేంద్రవరమున వారు చిత్రకర్తలు.

ఈ పని కుదుటబడునంతలో 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి ఆతనిని బలిగొనెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల కలదు. ఆ వ్యాధికి టీకా 1796లోనే కనుగొనబడినను 1975 వరకు అది మన దేశమును వీడలేదు. లెక్క చూచినచో, చదువు ముగించినది మొదలు ఆతనికి దక్కినది అయిదేండ్ల కాలము. ముప్పదికి పైగా తైలవర్ణచిత్రములు, నూరుకు మించిన నీటిరంగుల చిత్రములు, వందలకొలది రేఖాచిత్రములు ఆ కొద్దిపాటి జీవితపు రాబడి.

పెద్దదిక్కు పోయినప్పుడు ఇట్టి సంస్థలు ఏడాది తిరుగకుండ మూతపడుట లోకములో తరచు జరుగునదే. చిత్రములు అమ్ముడై చెదరిపోవుటయు అంతే. ఇచ్చట అట్లు జరుగలేదు. వరదా వెంకటరత్నము మిత్రుని కళాశాలను విడువక నడపి, తరువాతి తరమునకు బొమ్మలు నేర్పెను. సత్యవాణియు చిత్రములను పంచిపెట్టక కాపాడెను. గోదావరిగట్టున రామారావు పేర చిత్రశాల వెలసెను. పిదప ప్రభుత్వము దాని సంరక్షణ వహించెను.

మన యూరివారు సికింద్రాబాదులో రాత్రి రైలెక్కినచో తెల్లవారునప్పటికి రాజమహేంద్రవరము చేరవచ్చును. గట్టువెంట నడచినచో 1900లో తెరువబడి 1997లో విశ్రాంతి పొందిన హావెలాక్ వంతెన స్తంభములు నీటిలో కనబడును. రామారావు చూచిన వంతెన అదే. చిత్రశాల లోపల ఆతని చిత్రములతోపాటు వరదా వెంకటరత్నము, సత్యవాణి, బుచ్చికృష్ణమ్మలు వేసిన బొమ్మలును గలవు.